కూర్చొని చేసే శ్రమ

పాఠ్యభాగ పరిచయం

ఒక విషయాన్ని క్రమబద్ధంగా, ఆధారాలతో వివరించే గద్యరచన వ్యాసం. ప్రస్తుత పాఠ్యభాగం వైజ్ఞానిక వ్యాసం. బల్ల ముందు కూర్చొని పనిచేసేవారి దేహస్థితి, దాని వెనుక ఉన్న శాస్త్రం, కొద్దికాలం పనిచేయడానికి విదేశాలకు వెళ్లే యువతకు ఆ జ్ఞానం అవసరమయ్యే తీరు ఇందులోని ప్రధాన విషయాలు. శ్రమ ఏ రూపంలో ఉన్నా దానిని గుర్తించి గౌరవించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి నానుడిలో కూర్చోవడానికి మంచిపేరు తక్కువ. 'కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయి' అన్న సామెతలో కూర్చోవడమంటే పని మానుకోవడమే. పొలంలో నడుము వంచి నాట్లు వేసినవారు, ఎండలో రాళ్లు మోసినవారు తమ బిడ్డలకు కోరుకొన్నది నీడపట్టున ఉద్యోగం. ఆ కోరికలో న్యాయం ఉంది. కాని దానితోపాటు ఒక అపోహ కూడా తరతరాలుగా వస్తున్నది. నీడపట్టున కూర్చొని చేసే పనిలో దేహానికి శ్రమ లేదన్నదే ఆ అపోహ. అందువల్ల రోజంతా కంప్యూటరు ముందు గడిపి వచ్చిన కుమారుడో కుమార్తెయో మెడ నొప్పి పుడుతున్నదని చెబితే, 'కూర్చునే పనికి నొప్పులేమిటి?' అన్న ప్రశ్న ఇంట్లో వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు జంకి చాలామంది బాధను ఎవరితోనూ చెప్పుకోరు. వైద్యునికి చూపించుకోక ముదరబెట్టుకొంటారు.

కూర్చొని పనిచేసేవారికి కలిగే వ్యాధులను మూడు వందల ఏళ్ల కిందటే ఒక వైద్యుడు గుర్తించాడు. ఆయన ఇటలీ దేశస్థుడైన బెర్నార్డినో రమజ్జీని (1633–1714). మొదట మొదేనాలో, తరువాత పాదువాలో ఆయన వైద్యశాస్త్రం బోధించాడు. వృత్తుల వలన కలిగే వ్యాధులను గురించి లాటిన్ భాషలో ఆయన రచించిన గ్రంథం 1700లో వెలువడింది. గనులలో పనిచేసేవారు, కుమ్మరులు, మరుగుగుంటలు శుభ్రపరచేవారు మొదలైన అనేక వృత్తుల వారిని ఆయన స్వయంగా పరిశీలించాడు. రోగిని పరీక్షించే వైద్యుడు మామూలుగా అడిగే ప్రశ్నలకు తోడు 'నీవు చేసే పని ఏమిటి?' అని కూడా అడగాలని సూచించాడు. ఇది చిన్న ప్రశ్నే అయినా వైద్యరంగానికి మహోపకారం చేసింది. 1713లో ఆ గ్రంథాన్ని విస్తరించినప్పుడు రమజ్జీని వ్రాయసగాండ్రను గురించి కూడా రాశాడు. వారి బాధలకు మూడు కారణాలు చూపాడు. మొదటిది ఎడతెగకుండా కూర్చోవడం. రెండవది చేతిని ఒకే తీరుగా నిరంతరం కదపడం. మూడవది తప్పు దొర్లకూడదన్న ఆందోళనతో మనస్సును బిగబట్టి ఉంచడం. నాటి ఈకకలం స్థానంలో నేడు కీబోర్డు వచ్చింది. కారణాలు మాత్రం ఆ మూడే.

రెండు వందల ఏళ్లు దాటిన తరువాత, ఇదే విషయాన్ని లండన్ నగరంలో మరొక విధంగా పరిశీలించారు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశారు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే వేళల్లో పనిచేస్తారు. కాని డ్రైవరు పనివేళంతా కూర్చొని ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్లలో కంటే తక్కువగా ఉన్నదని 1953లో ప్రచురించిన వారి పరిశోధన వెల్లడించింది. ఉద్యోగంలో చేరే నాటికే డ్రైవర్లు కొంత స్థూలకాయులన్న విషయాన్ని, వారికిచ్చిన దుస్తుల కొలతలను బట్టి మోరిస్ బృందమే 1956లో బయటపెట్టింది. అందుచేత తేడాకు కారణమంతా కూర్చోవడమేనని చెప్పడానికి వీలు లేదు. అయినా దేహం కదలికకు, గుండె ఆరోగ్యానికి గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు లోతుగా పరిశోధించడానికి ఆ పోలికే దారి తీసింది.

కూర్చోవడం వెన్నుకు ఎందుకు భారమవుతుందో తెలుసుకోవాలంటే వెన్నెముక నిర్మాణాన్ని చూడాలి. అందులో విడివిడిగా కదలగల పూసలు 24. వాటిలో మెడలో 7, వీపులో 12, నడుములో 5 ఉంటాయి. పక్కనుంచి చూస్తే వెన్నెముక కర్రలా నిటారుగా ఉండదు. మెడ దగ్గర, నడుము దగ్గర లోపలికి, వీపు దగ్గర వెలుపలికి వంపు తిరిగి ఉంటుంది. దేహభారాన్ని సర్దుకొని మోయడానికి ఈ వంపులే ఆధారం. పూసల మధ్య మెత్తని మృదులాస్థి చక్రికలు ఉంటాయి. పెద్దవారిలో ఈ చక్రికలకు నేరుగా రక్తనాళాలు దాదాపుగా ఉండవు. చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరి వచ్చే ద్రవం ద్వారానే వాటికి పోషకాలు అందుతాయి. దేహం కదిలినప్పుడు, భారం పెరిగి తగ్గినప్పుడు ఆ ద్రవం లోపలికి వెలుపలికి సాగుతుంది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే ఆ రాకపోకలు మందగిస్తాయి.

వీపుకు ఆనుడు లేకుండా ముందుకు వంగి కూర్చొన్నప్పుడు కటిభాగం వెనుకకు దొర్లి, నడుము లోపలి వంపు చదునవుతుంది. స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960వ దశకంలో చక్రికలలోని ఒత్తిడిని సూదితో కొలిచి చూశాడు. నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చొన్నప్పుడు నడుము చక్రికలపై ఒత్తిడి ఎక్కువని తేలింది. వీపును వెనుకకు ఆనించినప్పుడు అది తగ్గింది. మెడ సంగతీ ఇటువంటిదే. మనిషి తల బరువు సుమారు నాలుగున్నర నుంచి అయిదు కిలోలు. తల భుజాలకు సరిగా పైన నిలిచినప్పుడు ఆ బరువును ఎముకలు మోస్తాయి. తల ముందుకు వాలినకొద్దీ అది పడిపోకుండా పట్టి ఉంచే పని మెడ వెనుక కండరాల మీద పడుతుంది. బిందెను చంకన పెట్టుకొని నడవడానికి, చేయి చాచి అదే బిందెను పట్టుకొని నిలబడటానికి ఎంత తేడా ఉందో ఇక్కడా అంత తేడా ఉంది.

పనిని, పనిముట్లను మనిషి దేహానికి తగినట్లు రూపొందించే శాస్త్రాన్ని ఎర్గొనామిక్స్ అంటారు. పని, నియమం అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక ఇది. పోలండ్ దేశపు శాస్త్రవేత్త వోయ్‌చెక్ యాస్త్‌షెంబోవ్‌స్కీ ఈ మాటను 1857లో మొదట ప్రయోగించాడు. ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒక్కటే. మనిషి ఆసనానికి తగినట్లు వంగకూడదు; ఆసనమే మనిషికి తగినట్లు అమరాలి.

ఈ సూత్రం తెలుగునేల మీద చేతివృత్తుల వారికి అనుభవంతో తెలిసినదే. గుంటమగ్గం నేసే నేతగాడు గట్టున కూర్చొని కాళ్లను గుంటలోకి దించి తొక్కుడుచెక్కలను తొక్కుతాడు. నేల మీద కూర్చొనే అలవాటును విడవకుండానే కాళ్లకూ పని కల్పించిన అమరిక అది. అయితే కాళ్లు, చేతులు రెండూ కదిలినా, రోజంతా ముందుకు వంగి ఉండటం వల్ల నేతగాండ్రకు నడుమునొప్పి తప్పడం లేదు. పనిముట్టు అమరిక ఎంత నేర్పుగా ఉన్నా విరామం లేని పని దేహాన్ని అలయిస్తుందనడానికి ఇదే నిదర్శనం.

కార్యాలయంలో బల్ల ముందు కూర్చొనే పద్ధతిని కింది నుంచి పైకి సరిచూసుకోవాలి. మొదట పాదాలు. అవి రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కుర్చీని దించాలి. బల్ల ఎత్తు వల్ల అది సాధ్యం కాకపోతే కాళ్ల కింద చిన్న పీట వేసుకోవాలి. మోకాళ్లు తుంటికి సమంగానో, కొంచెం దిగువగానో ఉండాలి. కుర్చీ అంచుకు, మోకాలి వెనుక భాగానికి మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. లేకపోతే అక్కడి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కుర్చీలో పూర్తిగా వెనుకకు జరిగి కూర్చొని వీపును ఆనించాలి. నడుము వంపు వద్ద కుర్చీకి తగిన ఉబ్బు లేనప్పుడు, చుట్టిన తువ్వాలు పెట్టుకొన్నా సరిపోతుంది. భుజాలు బిగబట్టకుండా వదులుగా ఉండాలి. మోచేతులు దేహానికి దగ్గరగా, ఇంచుమించు లంబకోణంలో వంగి ఉండాలి. మణికట్టు పైకో పక్కకో విరగకుండా ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి. మౌస్‌ను కీబోర్డు పక్కనే ఉంచుకోవాలి. తెర పై అంచు కంటి ఎత్తుకు సమంగా, లేదా కొంచెం దిగువగా ఉండాలి. చేయి చాచితే వేళ్లు తెరకు తగిలేంత దూరం చాలు. కిటికీ వెలుగు తెరకు ఎదురుగానో, కంటికి ఎదురుగానో కాక పక్కనుంచి పడాలి.

ల్యాప్‌టాప్ విషయంలో ఈ నియమాలన్నీ ఒకేసారి పాటించడం సాధ్యం కాదు. దాని తెర, కీబోర్డు ఒకదానికొకటి అతికి ఉంటాయి. తెరను కంటికి ఎత్తితే చేతులు పైకి లేస్తాయి. చేతులకు దించితే మెడ వంగుతుంది. ఎక్కువసేపు పనిచేసేవారు దానిని నాలుగు పుస్తకాల మీద ఎత్తి, విడి కీబోర్డును, మౌస్‌ను కలుపుకోవడమే దీనికి సులువైన పరిష్కారం.

ఇంత జాగ్రత్తగా కూర్చొన్నా అలాగే గంటల తరబడి ఉండిపోతే ఫలితం లేదు. పతంజలి ఆసనానికి స్థిరత్వం, సుఖం అనే రెండు లక్షణాలను చెప్పాడు. ధ్యానం చేసేవానికి ఆ స్థిరత్వం సాధన. ఉద్యోగికి మాత్రం కదలికే సుఖం. అరగంటకొకసారి లేచి నిలబడటం, నీళ్ల కోసం నాలుగు అడుగులు వేయడం, ఫోను మాట్లాడుతూ నడవడం వంటి చిన్న కదలికలు కండరాలకు, చక్రికలకు మేలు చేస్తాయి. తెరను చూసేటప్పుడు మనిషి రెప్పలు వేయడం తగ్గుతుంది. అందువల్ల కళ్లు పొడిబారుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడాలని నేత్రవైద్యులు చెబుతారు.

ఈ జ్ఞానం అందరికీ అవసరమే. కాని తనది కాని కుర్చీలో కూర్చొనేవారికి ఇది అత్యవసరం. విదేశాలలో కొంతకాలం పనిచేస్తూ, ఆ సంపాదనతో అక్కడి ప్రదేశాలను చూసి రావడానికి యువతకు వీలు కల్పించే పథకాలు ఉన్నాయి. వీటిని వర్కింగ్ హాలిడే పథకాలు అంటారు. ఆస్ట్రేలియా ఇటువంటి పథకాన్ని 1975లో ప్రారంభించింది. భారతదేశంతో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన తరువాత, ఏడాదికి వెయ్యిమంది భారతీయ యువతీయువకులకు ఆ దేశం ఇటువంటి అవకాశం కల్పించింది. వారి వయస్సు 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి. బ్రిటన్, భారతదేశాల మధ్య యువ వృత్తినిపుణుల పథకం 2023లో మొదలైంది. అదే వయస్సు గల పట్టభద్రులు దాని ద్వారా రెండేళ్లు బ్రిటన్‌లో ఉండి పనిచేయవచ్చు. ఈ రెండు పథకాలలోనూ దరఖాస్తుదారులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తారు.

ఆస్ట్రేలియా పథకం కింద వెళ్లినవారు ఒకే యజమాని వద్ద సాధారణంగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. అందువల్ల వారు పండ్లతోటలో కొంతకాలం, హోటలులో కొంతకాలం, కార్యాలయంలో కొంతకాలం పనిచేస్తారు. తెలుగునాట డిగ్రీ ముగించి అలా వెళ్లిన ఒక యువతిని ఊహించుకోవచ్చు. ఒక కార్యాలయంలో మూడు నెలల పాటు లెక్కలు ఎక్కించే పని ఆమెకు దొరికింది. ఆమె కూర్చొన్న కుర్చీ అంతకుముందు ఆరడుగుల మనిషికి అమర్చినది. ఆమె పాదాలు నేలకు ఆనవు. తెర ఆమె కంటికి పైన ఉంది. కుర్చీ కింద ఉన్న మీటను నొక్కితే అది దిగుతుంది. కాని ఆమె నొక్కదు. 'మూడు నెలల ముచ్చటకు కుర్చీ మార్చమని అడిగితే ఏమనుకొంటారో' అన్న బిడియం ఆమెను ఆపుతుంది. వారం తిరిగేసరికి నడుము పట్టేస్తుంది. నెల తిరిగేసరికి, చూడాలని వచ్చిన సముద్రతీరానికి వెళ్లే ఓపిక సెలవురోజున మిగలదు. పరదేశంలో ఆమెకు ఉన్న పెట్టుబడి దేహమొక్కటే. మొహమాటంతో ఆమె పాడుచేసుకొంటున్నదీ దానినే.

అలా అడగడం అదనపు కోరిక కాదని చట్టాలు కూడా చెబుతున్నాయి. కంప్యూటరు తెర ముందు పనిచేసేవారి రక్షణకు ఐరోపా సమాజం 1990లో ఒక ఆదేశాన్ని జారీచేసింది. దాని ననుసరించి బ్రిటన్ 1992లో నిబంధనలు చేసింది. ఉద్యోగి కూర్చొనే చోటును యజమాని పరిశీలింపజేయాలి. పనిలో విరామాలు ఏర్పాటు చేయాలి. ఉద్యోగి కోరితే కంటిపరీక్ష చేయించాలి. ఆస్ట్రేలియాలోని పనిభద్రతా చట్టాలు తాత్కాలికంగా పనిచేసేవారిని కూడా కార్మికులుగానే పరిగణిస్తాయి. భారతదేశంలో ఈ ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది. కేరళలోని వస్త్రదుకాణాలలో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు, కొనుగోలుదారులు లేని వేళలోనైనా కూర్చొనే వీలు కల్పించాలని పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాలను సవరించి వారికి కూర్చొనే హక్కును కల్పించాయి. నిలబడేవారు కూర్చోవడాన్ని హక్కుగా పొందారు. కూర్చొనేవారికి లేచి నిలబడటం అంతే అవసరం. రెండింటిలోనూ ఉన్న న్యాయం ఒక్కటే: పనిచేసే దేహం పనిముట్టు కాదు, ప్రాణమున్నది.

నీడపట్టున ఉద్యోగంలో చేరకముందే, కూర్చొని చేసే శ్రమ విద్యార్థి దశలోనే ఆరంభమవుతుంది. తరగతి గదిలో, ఆపై ప్రవేశపరీక్షల సన్నాహాలలో జూనియర్ కళాశాల విద్యార్థి రోజులో అధికభాగం కూర్చొనే గడుపుతాడు. వసతిగృహంలో మంచం మీద బోర్లా పడుకొని చదవడం, ఒడిలో పుస్తకం పెట్టుకొని గంటల తరబడి తల వంచడం సాధారణం. 5 నుంచి 17 ఏళ్ల వయస్సు వారికి రోజుకు సగటున 60 నిమిషాల దేహవ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చదువు పేరిట ఆటస్థలానికి దూరమైన విద్యార్థికి ఆ గంట వృథా కాలం కాదు. మిగిలిన గంటల చదువును నిలబెట్టేది అదే. పుస్తకాన్ని కొంచెం ఎత్తి పెట్టుకోవడానికి, గంటకొకసారి లేవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. ఈ అలవాట్లు నేడు చేసుకొన్నవారు రేపు ఏ దేశంలో ఏ కుర్చీలో కూర్చొన్నా, ముందుగా దాని మీట ఎక్కడుందో వెతుక్కొంటారు.

కఠిన పదాలు – అర్థాలు

నానుడి : లోకంలో వాడుకలో ఉన్న మాట
అపోహ : పొరపాటు అభిప్రాయం
వ్రాయసగాడు : రాతపని వృత్తిగా గలవాడు, లేఖకుడు
స్థూలకాయుడు : లావైన దేహం గలవాడు
మృదులాస్థి : మెత్తని ఎముక
కటిభాగం : నడుము కింది భాగం
భంగిమ : దేహాన్ని ఉంచే తీరు
బిడియం : సంకోచం, జంకు

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కూర్చొని చేసే పనిలోనూ శ్రమ ఉన్నదని వ్యాసం ఏయే ఆధారాలతో నిరూపించింది? వివరించండి.
2. బల్ల ముందు కూర్చొనేటప్పుడు పాటించవలసిన నియమాలను, వాటి కారణాలను తెలపండి.

ఆ. లఘు సమాధాన ప్రశ్నలు

1. వ్రాయసగాండ్ర బాధలకు రమజ్జీని చూపిన కారణాలేవి?
2. చక్రికలకు కదలిక ఎందుకు అవసరం?
3. గుంటమగ్గం ఉదాహరణ ద్వారా తెలిసే విషయమేమిటి?
4. వర్కింగ్ హాలిడేకు వెళ్లిన యువతి కుర్చీని ఎందుకు సరిచేసుకోలేదు? ఆమె స్థానంలో మీరుంటే ఏమి చేస్తారు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఎర్గొనామిక్స్ అనే మాటను మొదట ప్రయోగించినవారెవరు?
2. మోరిస్ బృందం ఎవరెవరిని పోల్చి చూసింది?
3. కూర్చొనే హక్కును 2018లో కల్పించిన రాష్ట్రమేది?

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు

1. 'కూర్చునే పనికి నొప్పులేమిటి?'
2. పనిచేసే దేహం పనిముట్టు కాదు, ప్రాణమున్నది.

ఉ. సంధులు

1. కొండలైనా = కొండలు + ఐనా – ఉకారసంధి
2. మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
3. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
4. మృదులాస్థి = మృదుల + అస్థి – సవర్ణదీర్ఘసంధి

ఊ. సమాసాలు

1. దేహభారం = దేహం యొక్క భారం – షష్ఠీ తత్పురుష సమాసం
2. యువతీయువకులు = యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
3. ఆరు నెలలు = ఆరు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం

ఋ. ప్రాజెక్టు పని

మీ ఇంటి పరిసరాలలో దర్జీ, నేతగాడు, బస్సు డ్రైవరు, కంప్యూటరు ఉద్యోగి వంటి కూర్చొని పనిచేసే ఇద్దరిని కలవండి. వారి పనివేళలు, విరామాలు, దేహబాధలు అడిగి తెలుసుకొని ఒక నివేదిక రాయండి.